కడపంక్తికి వడ్డన

నేను ఒక ఫోన్‌ని. సిమ్ము లేదు, నంబరు లేదు. నన్ను పిలిచేవారు లేరు, నేను పిలవవలసినవారూ లేరు. వీపు మీద తెల్ల కాగితం అతికించి 'టెస్ట్' అని రాశారు. తెర మీద కుడి మూల నుంచి ఒక సన్నని పగులు గోరింట కొమ్మలాగా పాకి ఉంటుంది. ఇంత చెప్పాక మీరు నన్ను గొప్పదాన్ని అనుకోరు. అనుకోనక్కరలేదు. నాకు దక్కిన మేలంతా నేను గొప్పదాన్ని కాకపోవడం వల్లే దక్కింది. అదెలాగో చెబుదామనే ఈ నాలుగు మాటలు.

నేను పుట్టింది మద్రాసు వైపు వెళ్ళే దారిలో ఒక కర్మాగారంలో. నా లోపలి భాగాలను కూర్చి మరలు బిగించింది ఒక ఆడపిల్ల. పని మొదలుపెట్టే ముందు ఆ అమ్మాయి రోజూ బల్లను తాకి, ఆ వేళ్ళను కళ్ళకద్దుకునేది. అంటే నన్ను మొట్టమొదట ముట్టుకున్నది దణ్ణం పెట్టిన చెయ్యి. ఆ అమ్మాయి పేరు నాకు తెలియదు, నేనెక్కడ ఉన్నానో ఆమెకూ తెలియదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలని కోరుకోవడం తప్ప ఆ రుణం తీర్చుకునే దారి నాకు దొరకలేదు.

అక్కడి నుంచి కూకట్‌పల్లిలో కుళాయిలు, పైపులు అమ్ముకునే ఒక పెద్దాయన చొక్కా జేబులోకి వచ్చాను. ఆయన పొద్దున్నే స్నానం చేసి, విభూతి పెట్టుకుని, నాలో పంచాంగం చూసేవాడు. రాహుకాలం ఎప్పుడో చూసుకుని హాయిగా ఊపిరి పీల్చుకునేవాడు. ఆ పంచాంగం కిందే మోకాళ్ళ నొప్పుల నూనె ప్రకటన ఒకటి ఉండేది. ఆయన వేలు లావు. రాహుకాలం నొక్కబోతే నూనె తెరుచుకునేది. "నేనెప్పుడడిగాన్రా మిమ్మల్ని!" అని నన్ను తిట్టేవాడు. నూనె వాళ్ళు మాత్రం పాపం ఆయన రోజూ ఎంతో ఇష్టంగా నొక్కుతున్నాడనే అనుకుని, ఆ ప్రకటనను ఇంకా ఎక్కువగా పంపేవారు. మనుషులు ఒకరినొకరు అర్థం చేసుకోవడంలో ఇలాంటి చిక్కులు చాలా ఉంటాయని నాకు అక్కడే తెలిసింది.

కొడుకు ఆయనకు పెద్ద తెర ఫోను కొనిపెట్టాడు. నేను అబిడ్స్ దగ్గర పాత ఫోన్లు అమ్మే దుకాణంలో అద్దాల పెట్టెలోకి చేరాను. చాలా కాలం ఎవరూ నా వైపు చూడలేదు. ఒకరోజు కాటన్ చీర కట్టుకుని, భుజానికి ఆఫీసు సంచి వేలాడేసుకున్న ఒకావిడ వచ్చి నన్ను చూపించింది.

"అది వద్దు మేడం. స్లో. ఏదీ సరిగా రాదు దాంట్లో. ఇదిగో, ఇది తీసుకోండి," అన్నాడు దుకాణం అతను.

"సరిగా రానిదే కావాలండీ," అందావిడ.

అతను ఆమెను పైనుంచి కిందికి చూశాడు. "ఎవరికైనా గిఫ్టా మేడం? కోపం ఉన్నవాళ్ళకా?"

ఆవిడ గట్టిగా నవ్వింది. నాలోని లోపాన్నే కోరి నన్ను తీసుకున్న మనిషి ఆమె. పేరు విశాలాక్షి.

కొండాపూర్‌లో ఆమె ఆఫీసు. ఆమె ఉద్యోగం ఏమిటో సొంత అత్తగారికి కూడా ఇప్పటికీ అర్థం కాలేదు. "కంప్యూటర్లో అడ్వర్టైజ్‌మెంట్లు వేస్తుంది" అని ఆవిడ చుట్టాలకు చెబుతుందట, గోడకు సున్నం వేస్తుంది అన్నట్టుగా. నిజానికి ప్రకటనను తయారుచేసేది విశాలాక్షి కాదు, అమ్మేదీ ఆమె కాదు. పెళ్ళి భోజనాలు తలచుకోండి. వండేవారు వేరు, పిలిచి కూర్చోబెట్టేవారు వేరు. ఏ పంక్తిలో ఎవరున్నారు, పులిహోర ఎవరికి అందలేదు, మూడోసారి లడ్డూ వేస్తే ఎవరు విసుక్కుంటారు, ఇవన్నీ కనిపెడుతూ గరిటె పట్టుకుని తిరిగేవారు ఇంకొకరు. ప్రకటనలకు విశాలాక్షి ఆ వడ్డన మనిషి. తెలుగు వార్తల పేజీల్లో, పంచాంగాల యాప్‌లలో, క్రికెట్ స్కోర్ల కింద ఖాళీ చోట్లు ఉంటాయి. ఆ చోట్లలో ఎవరి ప్రకటన, ఏ ఊళ్ళో, ఎవరి ఫోన్‌లో, ఎన్నిసార్లు కనబడాలో ఆమె అమర్చిపెడుతుంది. ఎక్కడైనా ఆగిపోతే పరుగెత్తి సరిచేస్తుంది.

ఆ అమరిక సరిగా ఉందో లేదో చూడడానికే మేము. ఆమె బల్ల సొరుగులో ఫోన్లు వరసగా ఉండేవి. నా పక్కన ఒక ఖరీదైన ఫోను ఉండేది, ముట్టుకుంటే జారిపోయేంత నున్నగా. దానితో పోలిస్తే నేను పెళ్ళివారి మధ్య పాచి పనికి వచ్చినదానిలా కనబడేదాన్ని. విశాలాక్షి పక్క కుర్చీలో పనిచేసే రజిత నన్ను 'తాత' అనేది. కరీంనగర్ పిల్ల, నోరు ఊరుకోదు. "తాత లేచిండా అక్కా? పండ్లు తోముకున్నడా?" అనేది, నేను తెరుచుకోవడానికి పట్టే సమయం చూసి.

నా పనిలో ఒక వింత ఉంది. సొరుగులో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే నన్ను ఏ ఊళ్ళోనైనా ఉన్నానని నమ్మించగలరు. అక్కడేదో ఒక మీట నొక్కుతారు. అంతే, నేను కర్నూల్లో ఉన్నాను. ఇంకోటి నొక్కితే శ్రీకాకుళంలో ఉన్నాను. అక్కడివాళ్ళకు కనిపించే ప్రకటనలు నాకూ కనబడతాయి. ఒకనాడు నేను సంబంధాలు వెతుకుతున్న పెళ్ళికొడుకుని, మరునాడు ఎరువులు కావలసిన రైతుని. వెయ్యి చీరలు చూశాను, ఒకటీ కట్టలేదు. ఎన్నో ఇళ్ళు చూశాను, ఏ ఇంట్లోనూ అడుగు పెట్టలేదు. ఇంతమంది కోరికలు చూసి కూడా నాకంటూ ఒక్క కోరిక పుట్టలేదంటే అది భగవంతుడు నాకు చేసిన ఉపకారమే అనుకుంటాను.

విశాలాక్షికి ఒక అలవాటు ఉంది. కొత్త ప్రకటన మొదలయ్యే ముందు మా అందరిలోనూ అది ఎలా కనిపిస్తోందో చూసి, కళ్ళు మూసుకుని పెదవులు కదిలించకుండా ఏదో అనుకుని, అప్పుడు మొదలుపెట్టే మీట నొక్కేది.

"అక్కా, మిక్సీల అడ్వర్టైజ్‌మెంటుకు కూడా వినాయకుడేనా?" అని రజిత ఏడిపించేది.

"మిక్సీ కొనుక్కునేది మనుషులే కదే. వాళ్ళకి మంచిది దొరకాలనుకోవడంలో తప్పేముంది?"

"మంచిది కాకపోతే?"

"అది నేనూ అడుగుతుంటానే ఆయన్ని," అనేది విశాలాక్షి. నాకు ఆ జవాబు నచ్చేది. ఆయన ఏం చెప్పాడో ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

ఆమెకు ఒక తమ్ముడున్నాడు, పాండు. వయసు ముప్పై దాటింది కానీ మనసు ఇంకా పసితనం దగ్గరే ఆగిపోయింది. తల్లి పోయాక విశాలాక్షి దగ్గరే ఉంటున్నాడు. ఎవరినీ ఏమీ అడగడు. ఆకలేసినా అడగడు, ఎవరైనా పెడితే తింటాడు. పని చూపిస్తే మాత్రం పొద్దు గుంకేదాకా చేస్తాడు. మెంతికూర ఇస్తే ఆకు ఆకూ తుంచి గుట్ట పెడతాడు. అతను సొంతంగా పలికే మాటలు చాలా తక్కువ. వాటిలో ఒకటి రైల్వే స్టేషన్‌లో నేర్చుకున్నది. చెవికి ఫోను పెట్టారంటే చాలు, స్టేషన్ మైకులో మాట్లాడే ఆవిడ గొంతుతో "దయచేసి వినండి" అంటాడు. అంతకుమించి ఒక్క ముక్క రాదు. విశాలాక్షి మధ్యాహ్నం ఇంటికి ఫోను చేసి తమ్ముడికి ఇమ్మనేది. అటునుంచి ఆ రెండు మాటలూ విని, "విన్నాన్రా నాన్నా," అని నవ్వుకుని పెట్టేసేది.

ఒక వానాకాలం సోమవారం పొద్దున విశాలాక్షి ఆఫీసుకు వచ్చింది. జుట్టు దువ్వుకోలేదు, నిన్నటి చీరే కట్టుకుని ఉంది. సొరుగు తెరవలేదు. కుర్చీలో కూర్చుని రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుంది.

"ఏమైందక్కా?" అంది రజిత.

"పాండు తప్పిపోయాడే."

ముందురోజు ఆమె, భర్త సుధాకర్, పాండు కలిసి విజయవాడలో ఒక గృహప్రవేశానికి పగటి రైల్లో బయలుదేరారట. సుధాకర్ పై బెర్తులో నిద్రపోయాడు. పాండు కిటికీ పక్కన కూర్చున్నాడు. కాజీపేట దాటాక ఆఫీసు నుంచి ఫోను. ఒక చీరల దుకాణం ప్రకటన నొక్కితే వేరే దుకాణం పేజీ తెరుచుకుంటోందని. విశాలాక్షి తల వంచుకుని తన ఫోన్‌లోనే ఆ తప్పు సరిచేస్తూ కూర్చుంది. సరిచేసి తల ఎత్తేసరికి ఖమ్మం వస్తోంది. కిటికీ పక్క చోటు ఖాళీగా ఉంది. మధ్యలో రైలు ఎక్కడెక్కడ ఆగిందో, అతను ఎక్కడ దిగాడో ఆమెకు తెలియదు. ఖమ్మంలో రైల్వే పోలీసులకు చెప్పారు. వాళ్ళు అన్ని స్టేషన్లకూ కబురు పెట్టారు. సుధాకర్ రాత్రి నుంచి ఒక్కో స్టేషన్‌లో దిగి ప్లాట్‌ఫారాలన్నీ వెతుకుతూ వెనక్కి వస్తున్నాడు.

"మరి నువ్విక్కడికెందుకొచ్చినవక్కా? నువ్వు గూడ ఎతకాలె గదా!"

"వెతకడానికే వచ్చా. పట్టుచీరల్ని ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళ ఫోన్లలోకి పంపుతాం కదే. వాణ్ణి పంపలేమా?"

ఆ మాట వెనకనున్న నౌషాద్ విన్నాడు. అతను వాళ్ళ జట్టుకు పెద్ద, పాతబస్తీ మనిషి. విశాలాక్షి లేచి నిలబడబోతే చేత్తో వారించాడు.

"కూర్చోండి. అడగాల్సిందేమీ లేదు. ఎవరూ కొనకుండా మిగిలిపోయిన చోట్లు రోజూ ఎన్నో ఉంటాయి మన దగ్గర. ఆ రూటుల ఉన్న ఖాళీలన్నీ మీ తమ్ముడికే. పైవాళ్ళతోని నేను మాట్లాడుకుంటా. అల్లా మీద భారం వేసి పని మొదలువెట్టండి."

ఆమె ఏడుస్తూనే పని మొదలుపెట్టింది. ఈ పనిలో ఉన్నవాళ్ళెవరూ కొత్త ప్రకటనను మొదటి నుంచి అమర్చరు. నడిచిన పాతది ఒకటి కాపీ చేసి, పేరు మార్చి, బొమ్మ మార్చి, ఊళ్ళు మార్చుకుంటారు. విశాలాక్షికి మ్యాపులో ఊళ్ళ చుట్టూ గుండ్రాలు గీసి, వాటి లోపలి ఫోన్లకే కనబడే ప్రకటన కావాలి. నగరం చుట్టుపక్కల ఫ్లాట్లు అమ్మే ఒక కంపెనీ ప్రకటనకు అలాంటి గుండ్రాలు ఉన్నాయి. దాన్నే కాపీ చేసింది. ఫ్లాటు బొమ్మ తీసేసి తమ్ముడి ఫొటో పెట్టింది. రైలెక్కే ముందు సికింద్రాబాద్ ప్లాట్‌ఫారం మీద సుధాకర్ తీసినది, పసుపు చొక్కాతో నవ్వుతున్నాడు. గుండ్రాలను మహబూబాబాద్ మీదికి, డోర్నకల్ మీదికి, రైలు ఆగే ప్రతి ఊరి మీదికి జరిపింది. 'ఇతన్ని చూశారా? మాట్లాడడు. వివరాలకు నొక్కండి' అని రాసింది. కళ్ళు మూసుకుని మీట నొక్కింది.

ఆ పొద్దున మాత్రం మమ్మల్ని ఎవరినీ సొరుగులోంచి తీయలేదు. తొందర అలాంటిది. నేను తప్పు పట్టను.

అంకెలు బాగా పెరిగాయి. ఇంతమంది చూశారు, ఇంతమంది నొక్కారు అని రజిత చదువుతూ ఉంది. ఫోన్లు కూడా వచ్చాయి. ఒకాయన నెల కిందట వరంగల్‌లో అలాంటి మనిషిని చూశానన్నాడు. ఒకాయన దొరికితే ఏమిస్తారని అడిగాడు. ఒక అమ్మాయి ఏమీ చెప్పకుండా, "దొరుకుతాడు ఆంటీ, నేను మొక్కుకుంటా," అని పెట్టేసింది. పాండును చూసినవారు ఒక్కరూ లేరు. మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. విశాలాక్షి అన్నం డబ్బా విప్పలేదు. బయట వాన మొదలైంది. తమ్ముడికి తడవడమంటే భయమని విశాలాక్షి అప్పుడు చెప్పింది. ఆ మాట విన్న రజిత కిటికీ అద్దంలోంచి వాన కనిపించకుండా తెర లాగింది.

నౌషాద్ వచ్చి, "రైల్వే పోలీసువాళ్ళు ఆ ప్రకటన ఎట్లుందో పంపమంటున్నారు. అన్ని ఫోన్లల స్క్రీన్‌షాట్లు తీసి ఇవ్వండి," అన్నాడు.

అప్పుడు సొరుగు తెరుచుకుంది. ఒక్కో ఫోన్‌నీ డోర్నకల్‌లో ఉన్నట్టు నమ్మించారు. ఖరీదైనదానిలో వార్తల పేజీ తెరవగానే పాండు నవ్వుతూ ప్రత్యక్షమయ్యాడు. దాని పక్కదానిలోనూ కనిపించాడు. నా వంతు వచ్చింది. నేనూ డోర్నకల్‌లో ఉన్నాను. పేజీ తెరిచాను. వార్త ఉంది. దాని కింద తెల్లని ఖాళీ. మళ్ళీ తెరిచారు. మళ్ళీ ఖాళీ.

"తాత ఖరాబైండక్కా. ఇడువు. మిగతా అన్నిట్ల మంచిగొస్తున్నది గదా," అంది రజిత.

నన్ను పక్కన పెట్టేయడానికి అంతకంటే మంచి కారణం అక్కరలేదు. నేను ఎప్పుడూ సరిగా పనిచేసినదాన్ని కాదు. విశాలాక్షి నన్ను బల్ల మీద పెట్టేసింది కూడా. పెట్టి, ఎందుకో మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఆ ఖాళీ చోటునే చూసింది. తర్వాత కంప్యూటర్ వైపు తిరిగి, పొద్దున తను కాపీ చేసిన ఫ్లాట్ల అమరికలో అడుగున, మామూలుగా ఎవరూ తెరిచి చూడని ఒక చోట తెరిచింది.

అక్కడ మినహాయింపులు ఉన్నాయి. ఏయే ఫోన్లకు ఈ ప్రకటన చూపించకూడదో ఆ పేర్లు. అన్నీ చవక ఫోన్లు, పాత ఫోన్లు. వాటిలో నా పేరూ ఉంది. ఇలాంటి ఫోన్లు వాడేవాళ్ళు ఫ్లాట్లు కొనరు, వాళ్ళకు చూపించడం దండగ అని ఆ కంపెనీ చెబితే, ఎప్పుడో విశాలాక్షే స్వయంగా పెట్టిన మినహాయింపు. ఫొటో మార్చింది, ఊళ్ళు మార్చింది. ఇది మార్చాలని ఆమెకు తట్టలేదు.

"రజితా," అంది. "స్టేషన్ బయట ఎవరుంటారే?"

"ఎవరుంటరక్కా? ఆటోలోల్లు, చాయ్ అమ్మెటోల్లు, పూలమ్మెటోల్లు..."

"వాళ్ళ చేతుల్లో ఏ ఫోన్లుంటాయి?"

రజిత నా వైపు చూసింది. ఆ రోజు మళ్ళీ నన్ను తాత అనలేదు.

వడ్డించేవారు మనవారైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఇక్కడ వడ్డించేది సొంత అక్క. పొద్దుటి నుంచి గరిటె కిందపెట్టకుండా వడ్డిస్తూనే ఉంది. అయినా పాండు చుట్టూ ఉన్న కడపంక్తిలో ఒక్క విస్తరిలో కూడా మెతుకు పడలేదు. అడ్డుగా ఎవరూ నిలబడలేదు. అలవాటు ఒక్కటే నిలబడింది. దేవుణ్ణి మనం ఎందుకు చూడలేకపోతున్నామని పెద్దలు ఎన్నో కారణాలు చెబుతారు. నాకైతే ఆ వేళ ఈ కారణమే తోచింది, ఎప్పుడో మనమే పెట్టుకుని మరిచిపోయిన మినహాయింపు ఏదో అడ్డుగా ఉందేమోనని.

విశాలాక్షి ఆ పేర్లన్నీ తీసేసింది. తీసి, నన్ను రెండు చేతులతో పట్టుకుని పేజీ తెరుస్తూ మూస్తూ కూర్చుంది. ఖాళీ. ఖాళీ. ఆ తర్వాత నా పగిలిన తెర మీద, పై నుంచి కిందికి కొంచెం కొంచెంగా, పాండు వచ్చాడు. ముందు జుట్టు, తర్వాత కళ్ళు, తర్వాత ఆ నవ్వు. నేను స్లో కదా. నా జీవితంలో నేను అంత నెమ్మదిగా, అంత ఇష్టంగా ఏ బొమ్మనూ చూపించలేదు.

ఆమె వేలితో నొక్కింది. వివరాల పేజీ తెరుచుకోవాలి. నాలో తెల్లగా తిరుగుతూ ఉండిపోయింది.

"ఇదీ రాదు వీళ్ళకి," అంది విశాలాక్షి. "నంబరు ఫొటో మీదే వేసెయ్యి రజితా. పెద్దక్షరాల్లో. చదివితే చాలు, నొక్కక్కర్లేకుండా."

"మరి డిజైనోల్లు చూస్తే ఏడుస్తరక్కా, గింత పెద్దగానా అని."

"ఏడవనీ. నేనొక్కదాన్నే ఏడవాలా?"

రజిత నవ్వబోయి ఆపుకుంది. విశాలాక్షే ముందు నవ్వింది. పొద్దుటి నుంచి ఆ గదిలో ఎవరైనా నవ్వడం అదే మొదలు. నంబరు వేశారు. మళ్ళీ నాలోనే చూసుకున్నారు. ఖరీదైన ఫోను సొరుగులోనే ఉండిపోయింది.

దీపాలు పెట్టే వేళకు విశాలాక్షి ఫోను మోగింది. అందరికీ వినబడేలా పెట్టింది. వాన చప్పుడు, రైలు కూత, వాటి మధ్య ఒక ఆడమనిషి గొంతు.

"అలో... ఎవలమ్మా? గిప్పుడే నా ఫోన్ల ఒక పిలగాని బొమ్మచ్చింది. పసుపుపచ్చ అంగి తొడుక్కున్నడు. గీ నంబరున్నది."

"అవునమ్మా! వాడు మా తమ్ముడు. ఎక్కడ చూశారు? ఎప్పుడు చూశారు?"

"సూసుడేంది బిడ్డా, ఈడనే ఉన్నడు. నా పక్కపొంటి కూసున్నడు."

రజిత ముందుకు వంగి, "ఏ ఊరవ్వా? నీ పేరేంది?" అని అడిగింది.

ఆమె పేరు కొమురమ్మ. డోర్నకల్ స్టేషన్ గేటు బయట మక్క కంకులు కాల్చి అమ్ముతుంది. పాండు ముందురోజు కంకుల బుట్టతో రైలెక్కిన మనిషి వెనకాలే దిగిపోయి, కాల్చిన వాసన పట్టుకుని ఈమె బండి దాకా వచ్చాడు. వచ్చి ఏమీ అడగలేదు. కింద కూర్చుని కంకులు ఒలవడం మొదలుపెట్టాడు.

"నేనేమొ పక్కబండి మల్లయ్య మనిషనుకున్న. మల్లయ్యేమొ నా మనిషనుకున్నడట! పోలీసోల్లు గూడ లోపలికి బయటికి దిరుగుతున్నరు. గీన కంకులొలుస్తుంటె మావోడే అనుకోని పోయిండ్రు. రాత్రి మా ఇంట్లనే బువ్వ వెట్టిన, పండిండు. పేరడిగితె నవ్వుతడు. మస్తు పనిమంతుడమ్మా, నా కంకులన్ని ఒలిసి గుట్టవెట్టిండు. ఇగ అమ్ముడెట్లనో ఏమో!"

"ఒక్కసారి వాడి చెవి దగ్గర ఫోను పెట్టమ్మా. నీకు పుణ్యముంటుంది."

"వెట్టిన. కంకి తింటున్నడు."

"పాండూ," అంది విశాలాక్షి. "నాన్నా, పాండూ. అక్కనిరా."

నమలడం వినబడింది. ఆగింది. తర్వాత స్టేషన్ మైకులో ఆవిడ గొంతుతో, ఎంతో మర్యాదగా, "దయచేసి వినండి" అన్నాడు.

"విన్నాన్రా," అని విశాలాక్షి బల్ల మీద తల పెట్టేసింది. నౌషాద్ గోడ వైపు తిరిగి రెండు అరచేతులూ తెరిచి పట్టుకున్నాడు. రజిత ముక్కు ఎగబీలుస్తూ, "అవ్వా, గా పిలగాన్ని ఎటు వోనియ్యకు. మా బావ మానుకోటలనే ఉన్నడు, వస్తున్నడు," అని గట్టిగా చెబుతోంది. మహబూబాబాద్‌ను వాళ్ళు మానుకోట అంటారు.

"ఎటు వోతడమ్మా? ఇంక సగం బుట్ట ఒలిసేదున్నది," అంది కొమురమ్మ.

"మీ ఫోన్‌లో ఎలా కనిపించిందమ్మా? నొక్కారా?" అని విశాలాక్షి తల ఎత్తి అడిగింది. కళ్ళు తుడుచుకుంటూనే అడిగింది. చేసే పని ఏ మనిషినీ అంత తేలిగ్గా వదలదు.

"నొక్కలె. వానెప్పుడు తగ్గుతదో సూద్దామని తెరిసిన, బొమ్మచ్చింది. నొక్కుమని ఉన్నది గని మా బిడ్డ చెప్పింది, ఫోన్ల ఏది నొక్కుమన్నా నొక్కకే అమ్మా అని. సూసిన. ఇటు మల్లి సూసిన. గీడనే ఉన్నడు."

సుధాకర్ చేరుకుని పాండును పక్కన కూర్చోబెట్టుకున్నానని చెప్పాక, విశాలాక్షి ఆ ప్రకటనను ఆపింది. ప్రకటన ఆగిపోతే కంగారుపడే మనిషి, తన చేతులతో ఆపి, ఆ ఆపిన మీటకు దణ్ణం పెట్టింది. తర్వాత తమ్ముణ్ణి చూసుకోవడానికి బయలుదేరింది. వెళ్తూ వెళ్తూ నన్ను చీర కొంగుతో తుడిచి సొరుగులో పెట్టింది. నేను ఎంతో కాలంగా మనుషుల చేతుల్లో ఉన్నాను. తుడవడంలో తేడా నాకు తెలుస్తుంది.

ఆ తర్వాతి వారం ఆ ప్రకటన మీద నివేదిక వచ్చింది. మనిషి దొరికాడని దానికేం తెలుసు? తన పని తాను చేసింది. ఊరూరికీ లెక్క వేసి, ఎంతమంది నొక్కారో దాన్నిబట్టి మార్కులు ఇచ్చింది. డోర్నకల్‌లో కొమురమ్మ ఫోను వంటి ఫోన్లలో ఒక్కరూ నొక్కలేదు. అక్కడ ఎర్ర గుర్తు పెట్టి, 'ఈ ప్రకటన ఇక్కడ పనిచేయడం లేదు, ఆపివేయడం మంచిది' అని సలహా ఇచ్చింది. రజిత అది పైకి చదివింది. నౌషాద్ టీ పొలమారేదాకా నవ్వాడు. విశాలాక్షి నవ్వుతూనే ఆ ఎర్ర గుర్తును కాసేపు చూసింది.

"మనం ఇన్నాళ్ళూ ఎర్ర గుర్తు చూసి ఎన్ని ఆపేశామో కదండీ," అంది.

ఫ్లాట్ల కంపెనీ మినహాయింపు ఫ్లాట్ల కంపెనీకి అలాగే ఉంది. అది వాళ్ళ ఇష్టం. విశాలాక్షి మాత్రం అప్పటి నుంచి ఏ ప్రకటన మొదలైనా ముందు నన్నే తీసేది. నాలో కనబడ్డాకే మిగతావాటిలో చూసేది. అలా చాలా కాలం నడిచింది. క్రమంగా నా బ్యాటరీ ఉబ్బి వీపు లేచిపోయింది. ఇక నన్ను వాడితే ప్రమాదమన్నారు. ఆమె నన్ను చేతిలో పెట్టుకుని కాసేపు కూర్చుంది. ఇంటికి తీసుకెళ్ళాలనుకుందేమో. పాండు చేతికి అందితే ప్రమాదమని మానుకుంది. మంచి పని చేసింది.

ఇప్పుడు పాత సామాను వేసే అట్టపెట్టెలో ఉన్నాను. చుట్టూ తెగిన ఛార్జర్లు, ఒక మూగ స్పీకరు. బండి వచ్చి తీసుకెళ్తుందట. నాలోని రాగి ఒకచోటికి, గాజు ఒకచోటికి పోతాయట. పోనీ. నన్ను మొదట ముట్టుకున్న అమ్మాయికి, నూనె ప్రకటనకు నన్ను తిట్టిన పెద్దాయనకు, సరిగా రానిదాన్నే ఏరికోరి తెచ్చుకున్న విశాలాక్షికి, నన్ను తాత అన్న రజితకు, అందరికీ దణ్ణం పెట్టుకున్నాను. భగవంతుడికి విడిగా పెట్టలేదు. వీళ్ళందరికీ పెట్టింది ఆయనకు చేరి ఉంటుంది.

ఒక్క సంగతి మాత్రం ఈ చీకట్లో మళ్ళీ మళ్ళీ తలచుకుంటున్నాను. నేను చూపించిన ప్రకటనలన్నీ మనిషి కళ్ళను నా మీదికే లాగాలని చూసేవి. ఇంకొక్క క్షణం, ఇంకొక్కసారి, ఇక్కడ నొక్కు అని. ఆ సాయంత్రం డోర్నకల్‌లో, వానలో, నాలాంటిదే ఒక చవక ఫోన్ మీద ఒక బొమ్మ వెలిగింది. దాన్ని చూస్తున్న మనిషి నొక్కలేదు. ఫోను మీద నుంచి కళ్ళు తీసి, పక్కనున్న మనిషి ముఖంలోకి చూసింది.